తలుపులు మూసిన రోజుల్లో నీటి రంగులు

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. సరిగ్గా రెండు వారాలకు, మార్చి 25 నుంచి, మన దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. మొదట 21 రోజులు అన్నారు. అది మే 3 వరకు, ఆ తర్వాత 17 వరకు, చివరికి 31 వరకు సాగింది. ఆసుపత్రులలో జ్వరాలు, దగ్గులు, ఆయాసాలు చూస్తూ ఉండగానే ఇళ్లలో మరో రకం బాధ మొదలైంది. నిద్ర పట్టడం లేదని, ఊరికే గుండె దడగా ఉంటోందని, పిల్లలు చిన్న మాటకే ఏడుస్తున్నారని, తాతగారు రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడడం లేదని ఫోన్లు వచ్చేవి. వీటిలో చాలావాటికి మాత్ర అవసరం లేదు. అలాగని “ఏమీ కాదు, ధైర్యంగా ఉండండి” అంటే సరిపోయేదీ కాదు. పొద్దున్నుంచి రాత్రి దాకా టీవీలో కేసుల లెక్క చూస్తూ కూర్చున్న మనిషికి చేతికి ఒక పని కావాలి.

ఆ రోజుల్లోనే చాలా ఇళ్లలో బీరువా అడుగు నుంచి పిల్లల పాత కలర్ బాక్సులు బయటికి వచ్చాయి. కొందరు మొక్కలు పెంచారు, కొందరు వంటలు నేర్చుకున్నారు, కొందరు బొమ్మలు వేశారు. ఈ వ్యాసంలో మేము నీటి రంగుల గురించి మాత్రమే చెప్పదలచుకున్నాము. ఒక గదిలో ఒంటరిగా ఉండవలసిన మనిషికి ఇంతకంటే అనువైన రంగులు లేవని మా అభిప్రాయం. కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. కానీ తలుపు మూసుకుని ఉండవలసినవారు ప్రతి ఊరిలోనూ ఇంకా ఉన్నారు. క్షయకు మందులు మొదలుపెట్టిన తొలి వారాలలో ఉన్నవారు, ఆటలమ్మ సోకినవారు, కీమోథెరపీ తీసుకుంటూ జనంలోకి వెళ్లకూడనివారు, తుంటి ఎముక విరిగి మంచం దిగలేనివారు. వీరందరికీ లాక్‌డౌన్ రోజులు నేర్పిన సంగతులు పనికి వస్తాయి.

మంచం మీద మొదలైన వైద్యం

రోగి చేతికి కుంచె ఇవ్వాలనే ఆలోచన 2020లో పుట్టినది కాదు. 1938లో ఏడ్రియన్ హిల్ అనే ఆంగ్ల చిత్రకారుడు క్షయవ్యాధితో ఇంగ్లండులోని మిడ్‌హర్స్ట్ శానిటోరియంలో చేరాడు. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్‌ను కనిపెట్టినది 1943లో. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి, ఇదే ఆనాటి చికిత్స. నెలల తరబడి కదలకుండా పడుకోవడం ఎంత కష్టమో చూసినవారికే తెలుస్తుంది. హిల్ మంచం మీద నుంచే, చేతికి అందే దూరంలో ఉన్న వస్తువులను చూసి బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. వేస్తున్నంతసేపూ తన జబ్బు ధ్యాస తగ్గుతోందని గమనించాడు. తర్వాత తోటి రోగులకూ, యుద్ధంలో గాయపడి అక్కడికి వచ్చిన సైనికులకూ నేర్పాడు. 1942లో ఈ పనికి “ఆర్ట్ థెరపీ” అనే పేరు పెట్టినది ఆయనే. 1945లో తన అనుభవాలను పుస్తకంగా వెలువరించాడు.

మన ప్రాంతం వారికి శానిటోరియం అనగానే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం గుర్తుకు వస్తుంది. అక్కడ కూడా రోగులు నెలల తరబడి ఇంటికి దూరంగా గడిపినవారే. 1950ల చివరలో మద్రాసులో జరిగిన పరిశోధన, మందులు సరిగా వాడితే ఇంటి దగ్గర చికిత్స కూడా శానిటోరియం చికిత్సతో సమానంగా పనిచేస్తుందని నిరూపించింది. అప్పటి నుంచి క్షయ రోగి ఇంట్లోనే ఉంటున్నాడు. మంచిదే. కానీ శానిటోరియంలో పక్క మంచం మీద మరో రోగి ఉండేవాడు. మాట్లాడుకునేవారు. ఇంటి వెనుక గదిలో పడుకున్నవాడికి ఆ తోడు కూడా లేదు.

తెలుగువారి చిత్రకళకూ అంటువ్యాధికీ ఒక విషాదమైన సంబంధం ఉంది. రాజమండ్రికి చెందిన దామెర్ల రామారావు అక్కడి కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి వెళ్లి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకున్నాడు. కూల్డ్రే స్వయంగా నీటి రంగుల చిత్రకారుడు. చదువు ముగించి వచ్చిన రామారావు సొంత ఊరిలోనే చిత్రకళా బోధన మొదలుపెట్టాడు. 1925 ఫిబ్రవరిలో, 28 ఏళ్లు నిండకముందే, మశూచి సోకి చనిపోయాడు. ఆయన చిత్రాలను ఇప్పటికీ రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో చూడవచ్చు. మశూచికి టీకా ఆనాటికే నూరేళ్లకు పైగా తెలిసిన విషయం. ఆ వ్యాధి ప్రపంచం నుంచి పూర్తిగా తొలగిపోయిందని ప్రకటించినది 1980లో. ఆ గ్యాలరీకి వెళ్లినప్పుడు పిల్లలకు బొమ్మలతో పాటు ఈ సంగతి కూడా చెప్పండి.

నీటి రంగు అంటే ఏమిటి?

రంగు పొడి, బంక, నీరు. ఇంతే. రంగు పొడిని మెత్తగా నూరి తుమ్మ జాతి చెట్ల బంకతో కలుపుతారు. ఎండిపోయి పగలకుండా కొద్దిగా గ్లిజరిన్ గానీ తేనె గానీ చేరుస్తారు. బిళ్లలుగా ఆరబెడితే స్కూలు పిల్లల కేకులు, ముద్దగా ఉంచితే ట్యూబులు. తడి కుంచె తగలగానే బంక కరుగుతుంది, రంగు నీటిలోకి వస్తుంది. కాగితం మీద నీరు ఆవిరై పోయాక బంక ఆ రంగు రేణువులను కాగితానికి పట్టి ఉంచుతుంది.

ఆయిల్ పెయింటుకు టర్పెంటైన్ కావాలి, ఎనామిల్‌కు థిన్నర్ కావాలి. వీటి వాసన మూసిన గదిలో తలనొప్పి తెస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం రేపుతుంది. నీటి రంగుల నుంచి అటువంటి ఆవిరి రాదు. కిటికీ అర మాత్రమే తెరవగలిగిన గదిలో, ఊపిరితిత్తుల జబ్బు నుంచి కోలుకుంటున్న మనిషి పక్కన కూడా వాడుకోవచ్చు. మేము ఈ రంగులనే ఎంచుకోవడానికి మొదటి కారణం ఇదే. పక్క గుడ్డల మీద పడ్డా చాలా రంగులు ఉతికితే చాలావరకు పోతాయి. ఇది రెండో కారణం, ఇంట్లో బట్టలు ఉతికేవారికి ఇదే మొదటిది కావచ్చు.

నీటి రంగు పారదర్శకంగా ఉంటుంది. వెలుతురు రంగు పొర గుండా వెళ్లి, కింద ఉన్న తెల్ల కాగితాన్ని తాకి, మళ్లీ అదే పొర గుండా మన కంటికి వస్తుంది. అందుకే మంచి నీటి రంగుల బొమ్మ లోపల దీపం పెట్టినట్లు కనిపిస్తుంది. అందుకే ఇందులో తెల్లరంగు వాడరు. తెలుపు కావలసిన చోట కాగితాన్ని ఖాళీగా వదిలేస్తారు. పోస్టర్ కలర్లు అలా కాదు, అవి కింద ఉన్నదాన్ని కప్పేస్తాయి. రెంటినీ ఒకటే అనుకుని మొదలుపెట్టినవారు “బురదలా వస్తోంది” అని విసుగు చెందుతారు. మూడు నాలుగు రంగులు ఒకదానిమీద ఒకటి తడిగా ఉండగానే రుద్దితే బురదే వస్తుంది. ఒక పొర ఆరాక మరొకటి వేయాలి. ఆరేవరకు ఆగాలి.

ఆ ఆగడంలోనే ఈ పని ప్రయోజనం చాలావరకు ఉందని మాకు అనిపిస్తుంది.

మనసుకు, ఒంటికి ఏమి చేస్తుంది?

భయం కలిగినప్పుడు మన శరీరం కార్టిసాల్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తుంది. ఆపద వచ్చినప్పుడు అది మేలే చేస్తుంది. కానీ ఆపద వారాల తరబడి వార్తల రూపంలో వస్తూనే ఉంటే నిద్ర చెడుతుంది, రక్తపోటు, చక్కెర అదుపు తప్పుతాయి. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంవారు 39 మంది పెద్దవారికి 45 నిమిషాలపాటు ఇష్టమైన బొమ్మలు చేసుకోనిచ్చి, ముందూ తర్వాతా లాలాజలంలో కార్టిసాల్ కొలిచారు. సుమారు 75 శాతం మందిలో అది తగ్గింది. ఇంతకుముందు బొమ్మలు వేసిన అనుభవం ఉన్నవారికీ లేనివారికీ పెద్ద తేడా కనిపించలేదు. ఇది గమనించదగిన విషయం. ఎందుకంటే “నాకు చేతకాదు” అనేది మేము ఎక్కువగా వినే మాట.

అయితే దీన్ని అతిగా చెప్పుకోకూడదు. ఆ పరిశోధన చిన్నది. అందులో వాడినవి రంగు పెన్నులు, మట్టి, కాగితపు ముక్కలు, నీటి రంగులు కావు. బొమ్మలు చేయకుండా ఊరికే కూర్చున్న మరో గుంపుతో పోల్చి చూడలేదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం కళలకూ ఆరోగ్యానికీ గల సంబంధం మీద 3000కు పైగా అధ్యయనాలను సమీక్షించి ఒక నివేదిక వెలువరించింది. వ్యాధుల నివారణలోనూ, జబ్బుతో సర్దుకుని బతకడంలోనూ కళలు తోడ్పడతాయని ఆ నివేదిక చెప్పింది. తోడ్పడతాయి, అంతే. బొమ్మ వేస్తే బీపీ మాత్ర మానవచ్చని ఎవరైనా అంటే నమ్మకండి.

మేము చూసినంతలో జరిగేది ఇది. తడి కాగితం మీద నీలం చుక్క పెట్టగానే అది తనంతట తాను పాకుతుంది. కన్ను దాని వెంట పోతుంది. ఆ అర నిమిషం మనసు మరో చోటికి పోలేదు. చేతి కదలిక నెమ్మదించగానే ఊపిరి కూడా నెమ్మదిస్తుంది. ఒక పొర వేశాక పది నిమిషాలు ఆగాలి కాబట్టి తొందరపడేవారికి కూడా తొందరపడే వీలు ఉండదు. ఫోనులో వార్తలు చూస్తుంటే వేలు ఆగదు. ఇక్కడ కాగితమే ఆపుతుంది.

మరో సంగతి. గదిలో ఒంటరిగా ఉన్నవారికి రోజులు కలిసిపోతాయి. నిన్న ఏమి జరిగిందో, మొన్న ఏమి జరిగిందో తెలియదు. రోజుకొక బొమ్మ వేసి మూలన తేదీ రాసుకుంటే గడిచిన రోజులు కళ్లెదుట ఉంటాయి. తొమ్మిది బొమ్మలు గోడకు అంటించి ఉంటే తొమ్మిది రోజులు దాటామని తెలుస్తుంది.

ఇంట్లో ఉన్నదానితోనే

2020 ఏప్రిల్‌లో రంగుల దుకాణాలు తెరిచి లేవు. ఆన్‌లైన్‌లో కూడా మే నెల వచ్చేవరకు అత్యవసర వస్తువులు తప్ప మిగతావి రాలేదు. అయినా పని జరిగింది. కాబట్టి ముందుగా ఖర్చు పెట్టనవసరం లేదు. పిల్లలు వదిలేసిన 12 కేకుల పెట్టెలో సగం అరిగిపోయినా చాలు. నిజానికి మూడు రంగులు చాలు. లెమన్ ఎల్లో, క్రిమ్సన్, అల్ట్రామెరీన్ నీలం. బర్న్ట్ సియెన్నా అనే ఇటుక గోధుమరంగు కూడా ఉంటే ఇంకా మంచిది. దానికి అల్ట్రామెరీన్ కలిపితే వానమబ్బు బూడిదరంగు వస్తుంది. పెట్టెలో ఉన్న పచ్చరంగును అలాగే వాడితే ప్లాస్టిక్ ఆకులా ఉంటుంది. చిటికెడు ఎరుపు గానీ గోధుమరంగు గానీ కలిపి చూడండి, వేపాకు పచ్చ వస్తుంది.

ఖర్చు పెట్టదలిస్తే కాగితం మీద పెట్టండి, రంగుల మీద కాదు. జిరాక్సు కాగితం బరువు 70, 80 జీఎస్ఎం ఉంటుంది. నీరు తగలగానే దాని నారలు ఉబ్బి కాగితం అలలు తిరుగుతుంది, రుద్దితే పొట్టు లేస్తుంది. స్కూలు డ్రాయింగ్ షీటు కొంత మేలు. నీటి రంగుల కోసం చేసిన 300 జీఎస్ఎం కాగితం ఎంత తడిపినా పెద్దగా వంగదు. దానికి జిలాటిన్ వంటి పూత పెడతారు కాబట్టి రంగు వెంటనే ఇంకిపోకుండా పైన కాసేపు నిలుస్తుంది. పెద్ద షీటు కొని పోస్టుకార్డు సైజులో పదహారు ముక్కలు చేసుకుంటే ఖర్చు తగ్గుతుంది. మంచం మీద కూర్చుని వేసేవారికి ఆ సైజే మంచిది కూడా. కాగితం దొరకనప్పుడు పాత శుభలేఖల వెనుక వైపు వాడినవారు ఉన్నారు. ఏ కాగితమైనా ముందు మూలన ఒక నీటిచుక్క వేసి చూడండి. చుక్క పూసలా జారిపోతే అది మెరుపు పూత ఉన్న కాగితం, రంగు పట్టదు. క్షణంలో ఇంకిపోతే అద్దుడు కాగితం వంటిది, రంగు వ్యాపిస్తుంది. చుక్క కాసేపు నిలిచి, మెల్లగా ఇంకేది మీకు కావలసినది.

కుంచె ఒకటి చాలు, గుండ్రని 8వ నంబరు. తడిపి విదిలిస్తే మొన కుదురుగా రావాలి. రెండు గ్లాసుల నీరు, ఒకటి కడగడానికి, ఒకటి శుభ్రమైన నీటికి. రంగు కలపడానికి పింగాణీ సాసరు. అద్దడానికి పాత నూలు గుడ్డ.

రంగులే లేకపోతే? పసుపు, బీట్‌రూట్ రసం ఆ రోజు అందంగానే ఉంటాయి. కానీ వెలుతురు తగిలితే కొన్నాళ్లకే వెలిసిపోతాయి. డికాక్షన్ ఇంకొంత నయం. నిలిచేది మట్టి. ఇంటి గడపలకు, అరుగులకు పూసే జేగురు ఇనుప ఆక్సైడే. బర్న్ట్ సియెన్నాకు ఆ రంగు ఇచ్చేది కూడా ఇనుప ఆక్సైడే. ఎర్రమట్టిని గిన్నెడు నీటిలో కలిపి అర నిమిషం ఆగండి. ఇసుక అడుగుకు చేరుతుంది. పైన ఉన్న ఎర్రనీటిని మరో గిన్నెలోకి వంచి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లవారి పైన తేటనీరు తీసేస్తే అడుగున వెన్నలాంటి మట్టి మిగులుతుంది. తుమ్మ బంకను గోరువెచ్చని నీటిలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, రెండు చుక్కల తేనె చేర్చి ఆ మట్టితో నూరితే నీటి రంగు తయారవుతుంది. తడిగా ఉండగానే నూరాలి. ఎండిన పొడిని నూరితే దుమ్ము ముక్కులోకి పోతుంది. బజారులో అమ్మే ముగ్గుల రంగు పొడులను మాత్రం పిల్లల చేతికి ఇలా నూరడానికి ఇవ్వకండి. వాటిలో ఏమి కలిపారో పొట్లం మీద రాసి ఉండదు.

వంకాయతో మొదలుపెట్టండి

మొదటి రోజే కిటికీలోంచి కనిపించే వీధి అంతా వేయబోతే నిరుత్సాహం తప్పదు. కూరల బుట్టలోంచి ఒక వంకాయ తీసుకోండి. దాని ఆకారం సులువు, రంగు గొప్పది. కిటికీ పక్కన పెట్టి, వెలుతురు పడే చోట దాని మీద మెరిసే తెల్లటి మచ్చ ఎక్కడ ఉందో చూడండి. పెన్సిలుతో తేలికగా అంచు గీసి, ఆ మెరుపు మచ్చను కూడా చిన్న గీతతో గుర్తు పెట్టుకోండి. ఆ చోట చివరిదాకా కుంచె తగలకూడదు.

సాసరులో నీలం, క్రిమ్సన్ కలిపితే ఊదారంగు వస్తుంది. మొదట పలుచగా, నీరు ఎక్కువగా కలిపి కాయంతా ఒక పొర వేయండి. తడిగా ఉండగానే నీడ వైపు చిక్కటి రంగు చుక్కలు పెట్టండి. అవి వాటంతట అవే వెలుతురు వైపు పాకి కలిసిపోతాయి. ఇక చేయి తీయాలి. ఇక్కడే అందరూ మరోసారి సరిచేద్దామని కుంచె పెడతారు. సగం ఆరిన పొర మీద నీరు పడితే రంగును అంచులకు నెట్టి, గోబీపువ్వు ఆకారంలో మరక కడుతుంది. పది, పదిహేను నిమిషాలు ఆగి, వేలి వెనుక భాగంతో తాకి చూస్తే చల్లగా తగలకూడదు. అప్పుడు తొడిమకు పచ్చరంగు, కింద బల్ల మీద పడే నీడ. ఆరాక రంగు కొంత వెలిసినట్లు కనిపించడం మామూలే. నీటి రంగు ఎప్పుడూ తడిలో కంటే పొడిలో లేతగా ఉంటుంది.

మర్నాడు మామిడికాయ, ఆ మర్నాడు స్టీలు గ్లాసు. తర్వాత డాబా మీద నీళ్ల ట్యాంకు, దండెం మీద బట్టలు. పిల్లలు పక్కన ఉంటే వారి బొమ్మను వారినే వేయనివ్వండి. వంకాయ నీలంగా ఉండకూడదా అని వాళ్లు అడిగితే ఉండవచ్చు. 2020లో కొన్ని ఇళ్లలో పిల్లల బొమ్మలు వెంటనే వాట్సాప్‌లో పెట్టి, పక్కింటి పిల్లల బొమ్మలతో పోల్చి మార్కులు వేశారు. బడికి వెళ్లలేని పిల్లలకు ఇది మరో పరీక్ష అయింది. మేము దీన్ని మెచ్చుకోలేము.

జాగ్రత్తలు

కుంచె మొన కోసం నోట్లో పెట్టుకునే అలవాటు ఉంటే ఈ రోజే మానాలి. 1920 ప్రాంతంలో అమెరికాలోని న్యూజెర్సీలో గడియారాల అంకెలకు రేడియం రంగు వేసే పని చేసిన ఆడపిల్లలు కుంచె మొనను పెదవులతో సరిచేసుకునేవారు. అలా చేయమని యజమానులే నేర్పారు. దవడ ఎముకలు కుళ్లి వారిలో అనేకులు చనిపోయారు. మన పెట్టెలో రేడియం లేదు. కానీ చిత్రకారుల కోసం చేసే ఖరీదైన రంగులలో కాడ్మియం, కోబాల్ట్ ఉండవచ్చు. 19వ శతాబ్దంలో ఐరోపాలో పచ్చరంగులో ఆర్సెనిక్ కూడా కలిసేది. పిల్లలు, గర్భిణులు వాడే పెట్టె మీద నాన్ టాక్సిక్ అని రాసి ఉందో లేదో చూడండి. పేరు చివర “హ్యూ” అని ఉంటే ఆ రంగులో అసలు లోహం కాక సాధారణంగా దానికి బదులు మరో పదార్థం ఉందని అర్థం.

రంగు నీళ్లను మంచినీళ్ల గ్లాసులో, టీ కప్పులో పెట్టకండి. ధ్యాసలో ఉన్న మనిషి అదే తాగేస్తాడు. నవ్వు వచ్చే విషయమే కానీ ఇంట్లో రెండేళ్ల పాప ఉంటే నవ్వు రాదు. వెడల్పాటి, బరువైన గిన్నె అయితే ఒరిగిపోదు. రంగు కలిపిన సాసరును మళ్లీ వంటింటికి చేర్చకండి.

అంటువ్యాధి ఉన్నవారి కుంచె, పెట్టె, గుడ్డ వారివే. ఇతరులు వాడకూడదు. పని మొదలుపెట్టేముందు, అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

మెడ వంచి గంటల తరబడి కూర్చుంటే మెడనొప్పి, నడుంనొప్పి కొత్తగా మొదలవుతాయి. ఒక అట్టను ఒడిలో ఏటవాలుగా పెట్టుకుంటే మెడ అంతగా వంగదు. రంగు ఆరే సమయంలో లేచి నాలుగడుగులు వేయండి, కిటికీలోంచి దూరంగా చూడండి. పగటి వెలుతురు ఎడమ వైపు నుంచి పడితే కుడిచేతి నీడ బొమ్మ మీద పడదు. ఎడమచేతి వాటం వారికి దీనికి ఎదురు.

పెద్దవారి కోసం

కీళ్లవాతంతో వేళ్లు ముడుచుకోనివారికి సన్నటి కుంచె పట్టు దొరకదు. కుంచె కాడకు పాత గుడ్డ చుట్టి దారం కట్టినా, సైకిలు ట్యూబు ముక్క తొడిగినా లావు అవుతుంది, పట్టు సులువవుతుంది. పక్షవాతం వచ్చిన చేతికి ఫిజియోథెరపిస్టు చెప్పిన కదలికలు ఉంటాయి కదా, తడి కాగితం మీద అడ్డంగా, నిలువుగా రంగు పూయడం వాటికి తోడుగా పనికి వస్తుంది. ఉట్టి వ్యాయామం పదిసార్లు చేయమంటే విసుక్కునే మనిషి ఆకాశం వేయమంటే ఇరవైసార్లు చేయి కదుపుతాడు. కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో బల్లకు అంటించాలి, లేకపోతే రెండో చేయి పట్టుకోలేదు. చేయి వణికేవారు మణికట్టును దిండు మీద ఆనించుకోవాలి. వణుకు గీత కూడా తడిలో కలిసిపోతుంది, ఎవరికీ తెలియదు.

ఒక సంగతి ఇంటివారు గమనించాలి. నాయనమ్మ వేసే బొమ్మల్లో నీలం ఎప్పుడూ మరీ ముదురుగా ఉంటోందా? ఊదా, నల్ల రంగుల మధ్య తేడా తెలియడం లేదంటున్నారా? శుక్లం ముదిరిన కంటి కటకం పసుపు, గోధుమ రంగుకు తిరిగి నీలం కాంతిని లోపలికి రానివ్వదు. ఫ్రాన్సు చిత్రకారుడు మోనే తన శుక్లాల కాలంలో వేసిన బొమ్మలు ఎరుపు, గోధుమ రంగులకు తిరిగాయి. 1923లో ఆయనకు ఆపరేషను జరిగింది. ఆయనవి తైలవర్ణ చిత్రాలు కానీ కన్ను అందరిదీ ఒకటే. రంగులలో ఇటువంటి మార్పు కనిపిస్తే కంటి పరీక్ష చేయించండి. చక్కెర జబ్బు ఉన్నవారు చూపులో ఏ మార్పు వచ్చినా ఆలస్యం చేయకూడదు.

కుంచె సరిపోనప్పుడు

దుఃఖంలో ఉన్న మనిషి ముందు రంగుల పెట్టె పెట్టి “వేయండి, మనసు తేలికవుతుంది” అని బలవంతం చేయకండి. 2020, 2021లలో చాలామంది తమవారి చివరి చూపు కూడా దక్కకుండా పోగొట్టుకున్నారు. వారికి ముందు కావలసినది పక్కన కూర్చునే మనిషి. పెట్టె అందుబాటులో ఉంచి ఊరుకోవడం మేలు.

రెండు వారాలకు మించి దిగులు తగ్గకపోయినా, నిద్ర, ఆకలి చెడినా, ఇంతకుముందు ఇష్టపడిన పని దేనిమీదా మనసు పోకపోయినా అది కాలక్షేపంతో పోయే బాధ కాదు. డాక్టరును కలవాలి. చనిపోవాలనే మాట నోటి వెంట వస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు, ఆ రోజే వైద్య సహాయం అందాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. బాధపడేవారే చేయాలని లేదు, ఇంటివారు కూడా చేసి సలహా అడగవచ్చు.

పని అయ్యాక

కుంచెను నీళ్ల గ్లాసులో తలకిందులుగా నిలబెట్టి మరిచిపోతే ఒక్క రాత్రికే మొన వంగిపోతుంది. చన్నీటితో కడిగి, తడి వేళ్లతో మొన సరిచేసి, గుడ్డ మీద పడుకోబెట్టి ఆరనివ్వండి. రంగుల పెట్టెను తడిగా ఉండగానే మూయకండి. మన ఉక్కపోతకు, ముఖ్యంగా వానాకాలంలో, రెండు రోజుల్లో కేకుల మీద బూజు పడుతుంది. మూత తెరిచి నీడలో ఆరబెట్టాలి. అప్పటికే బూజు పట్టి ఉంటే దాన్ని తడిగుడ్డతో తుడిచేసి వాడుకోవచ్చు. కానీ ఉబ్బసం ఉన్నవారు, కీమోథెరపీ తీసుకుంటున్నవారు ఆ పెట్టె ముట్టకుండా కొత్తది తెచ్చుకోవాలి. రంగు నీళ్లను మట్టి నేలలో పోయండి. బావి దగ్గర, కూరమొక్కల పాదుల్లో వద్దు. ఆరిన బొమ్మలను రెండు అట్టల మధ్య పెట్టి పైన ఏదైనా బరువు ఉంచితే తెల్లవారేసరికి వంకర పోయి చదునుగా ఉంటాయి.